బుజ్జి ఖాళీ చేసిన ఇల్లు

"ఎనిమిది కోర్ల కంప్యూటరు కొన్నాను. నాలుగు కోర్లదానికంటే రెట్టింపు వేగం ఉండాలి కదా, ఎందుకు లేదు?" కంప్యూటర్ల గురించి నలుగురు కూర్చుని మాట్లాడుకునే చోట ఈ ప్రశ్న ఎవరో ఒకరు వేస్తారు. న్యాయమైన ప్రశ్నే. కోరు అంటే ప్రాసెసరు చిప్పులో సొంతంగా లెక్కలు చెయ్యగలిగే ఒక భాగం. ఒక పనివాడు అనుకోండి. పనివాళ్లు రెట్టింపైతే పని సగం టైములో తెమలాలి.

దీనికి మామూలుగా చెప్పే జవాబు, అన్ని పనులూ పంచుకోవడానికి లొంగవని. పొయ్యి చుట్టూ నలుగురు వంటవాళ్లు నిలబడ్డా బియ్యం ఉడకాల్సిన టైముకే ఉడుకుతాయి. నిజమే. కానీ చక్కగా పంచుకోదగిన పనిలో కూడా కొంత వేగం ఎక్కడో కారిపోతూ ఉంటుంది. ఎక్కడా అని వెతికితే చాలా చిల్లులే కనబడతాయి. వాటిలో ఒకదాని కథే ఈ అధ్యాయం. దీన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇది ఎవరి బద్ధకం వల్లా వచ్చింది కాదు. ప్రతి పనివాడూ తన పని త్వరగా అవ్వాలని జేబులో ఒక చీటీ రాసిపెట్టుకోవడం వల్ల వచ్చింది.

ప్రతి ఇంట్లోనూ ఒక బుజ్జి

బుజ్జి, చిన్నా, పండు అనే ముద్దుపేర్లు వినబడని వీధి మన ఊళ్లలో ఉండదు. "బుజ్జీ" అని పిలిస్తే ఏ ఇంట్లో ఆ ఇంటి బుజ్జే పలుకుతుంది. పక్కింటి బుజ్జికి ఆ పిలుపుతో సంబంధం లేదు.

ప్రోగ్రాములు మెమరీని పిలిచే తీరు కూడా ఇదే. ప్రతి ప్రోగ్రామూ మెమరీ మొత్తం తనదేనన్నట్టు అంకెలతో చోట్లను పిలుచుకుంటుంది. రెండు ప్రోగ్రాములు ఒకే అంకె వాడవచ్చు. చిప్పు మీద మాత్రం వాటి చోట్లు వేరువేరు. ప్రోగ్రాము వాడే అంకెను ముద్దు చిరునామా అందాం. ఇంజనీర్లు దాన్ని వర్చువల్ అడ్రస్ అంటారు. చిప్పు మీద ఉన్న చోటు అసలు చిరునామా, ఫిజికల్ అడ్రస్.

ఈ రెండు పేర్ల పద్ధతి ఇంగ్లండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. టామ్ కిల్బర్న్ బృందం అక్కడ తయారుచేసిన అట్లాస్ అనే కంప్యూటరు 1962లో పనిలోకి దిగింది. దానిలో వేగమైన మెమరీ తక్కువ. తిరిగే డ్రమ్ము మీదున్న మెమరీ ఎక్కువే కానీ నెమ్మది. ఏ ముక్క ఎప్పుడు ఎక్కడుండాలో అంతకుముందు ప్రోగ్రాము రాసేవాళ్లే చూసుకోవాల్సి వచ్చేది. ఆ తలనొప్పి యంత్రమే చూసుకుంటుందని కిల్బర్న్ బృందం భరోసా ఇచ్చింది. ప్రోగ్రాము ఒకే పేరుతో పిలుస్తుంది, సరుకు ఎక్కడుందో యంత్రం చూసుకుంటుంది. మన జేబుల్లోని స్మార్ట్‌ఫోన్లన్నీ ఈ ఆలోచన మీదే నడుస్తున్నాయి.

ఒక్కో బైటుకూ విడిగా చిరునామా రాసుకుంటే పుస్తకం సరుకుకంటే లావైపోతుంది. అందుకని మెమరీని పేజీలుగా కోస్తారు. ఎక్కువ యంత్రాల్లో పేజీ అంటే 4096 బైట్లు. తెలుగు అక్షరాలూ గుణింతపు గుర్తులూ కంప్యూటర్లో సాధారణంగా మూడేసి బైట్లు తీసుకుంటాయి కాబట్టి, ఒక పేజీలో అలాంటివి సుమారు 1365 పడతాయి. అచ్చు పుస్తకంలో పేజీకి మరీ దూరం కాదు. పేరు బాగానే కుదిరింది.

రిజిస్టరు, చీటీ

ఇప్పుడు ఒక ఊరినీ దాని పోస్టాఫీసునూ ఊహించుకోండి. ఈ ఊళ్లో ఉత్తరాల మీద జనం ముద్దుపేర్లే రాస్తారు. ఒక్కో కుటుంబానికి పోస్టాఫీసులో ఒక్కో రిజిస్టరు ఉంటుంది. ఫలానా కుటుంబంలో బుజ్జి 412వ నంబరు ఇంట్లో, చిన్నా 77లో అని దానిలో రాసి ఉంటుంది. కుటుంబం అంటే ప్రోగ్రాము. ఇళ్లు మెమరీ పేజీలు. పోస్టుమాన్లు కోర్లు. రిజిస్టరును ఇంజనీర్లు పేజ్ టేబుల్ అంటారు. దాన్ని రాసేదీ దిద్దేదీ పోస్టుమాస్టరు, అంటే ఆపరేటింగ్ సిస్టమ్.

ఈ రిజిస్టరు ఒక్క పుస్తకం కాదు. నేటి ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలో మామూలుగా నాలుగు అంచెలుంటాయి. మొదటి పుస్తకం చూస్తే రెండోది ఏ బీరువాలో ఉందో తెలుస్తుంది, రెండోది చూస్తే మూడోది. నాలుగోదానిలో డోరు నంబరు దొరుకుతుంది. ఒక్క ఉత్తరం ఇవ్వడానికి నాలుగు పుస్తకాలు తిరగెయ్యాలన్నమాట. మెమరీలోంచి ఒకసారి చదవడానికి నూరు నానోసెకన్ల దాకా పట్టవచ్చు. ఆ లోపల కోరు వందల లెక్కలు చేసెయ్యగలదు. ప్రతి ఉత్తరానికీ నాలుగు పుస్తకాలంటే బట్వాడా సాగదు.

అందుకే పోస్టుమాను తెలివిగా ఒక పని చేస్తాడు. చూసిన నంబరును చిన్న చీటీ మీద రాసి జేబులో పెట్టుకుంటాడు. రెండోసారి బుజ్జికి ఉత్తరం వస్తే రిజిస్టరు జోలికి పోకుండా చీటీ చూసి ఇచ్చేస్తాడు. ఈ చీటీనే ట్రాన్స్‌లేషన్ లుక్‌అసైడ్ బఫర్, పొట్టిగా టీఎల్‌బీ అంటారు. ప్రతి కోరుకూ సొంత చీటీ ఉంటుంది. అది చాలా చిన్నది. ఇంటెల్ 2015లో తెచ్చిన స్కైలేక్ ప్రాసెసర్లలో డేటా కోసం మొదటి చీటీలో 64 వరుసలు, దాని వెనకున్న రెండో చీటీలో 1536 వరుసలు. రెండో చీటీ నిండా రాసుకున్నా, 4 కిలోబైట్ల పేజీల లెక్కన 6 మెగాబైట్ల మెమరీకే చిరునామాలు ఉంటాయి. ఇంత చిన్న చీటీయే పనంతా మోస్తోంది. ప్రోగ్రాములు కాసేపు ఒకే పేటలో తిరిగే రకం కాబట్టి చాలా ఉత్తరాలకు జవాబు జేబులోనే దొరుకుతుంది.

ఇల్లు చేతులు మారితే

బుజ్జి 412 ఖాళీ చేసింది. పోస్టుమాస్టరు రిజిస్టరులో ఆ వరుస కొట్టేశాడు. ఆ ఇంటిని వేరే కుటుంబానికి ఇవ్వబోతున్నాడు. బుజ్జి కుటుంబం ఉత్తరాలు మోస్తున్న పోస్టుమాన్ల జేబుల్లో మాత్రం "బుజ్జి, 412" అని ఇంకా ఉంది. రేపు బుజ్జి పేరున మనియార్డరు వస్తే తిన్నగా 412కే వెళ్లి కొత్తవాళ్ల చేతిలో పెట్టేస్తారు. కంప్యూటరు భాషలో చెప్పాలంటే, ఒక ప్రోగ్రాము రాసిన పాస్‌వర్డు ఇంకో ప్రోగ్రాము పేజీలో పడుతుంది, లేదా వేరేవాళ్ల రహస్యం దీనికి కనబడుతుంది. ఇది నెమ్మదితనంతో పోయే చిక్కు కాదు. భద్రతే కూలిపోతుంది.

మరి రిజిస్టరు మారగానే చీటీలు వాటంతటవే మారకూడదా? కోర్లు డేటా కోసం ఉంచుకునే క్యాష్ మెమరీల విషయంలో యంత్రం ఆ పని చేస్తుంది. ఒక కోరు ఒక విలువ మారిస్తే మిగతా కోర్ల దగ్గరున్న పాత నకళ్లు వాటంతటవే చెల్లకుండా పోతాయి. చీటీలకు ఇంటెల్ వంశపు ప్రాసెసర్లలో (ఏఎండీవి కూడా ఈ వంశమే) ఆ సదుపాయం లేదు. ఆ వంశంలో పేజీల పద్ధతి 1985 నాటి 80386తో వచ్చింది. అప్పటి వ్యక్తిగత కంప్యూటరులో పోస్టుమాను ఒక్కడే. రిజిస్టరు మార్చాక తన జేబులో చీటీ తనే దిద్దుకుంటే చాలు. ఊరు పెరిగి పోస్టుమాన్లు వందలైనా ఆ ఏర్పాటు అలాగే ఉండిపోయింది.

అందుకని పోస్టుమాస్టరే గంట కొట్టాలి. జరిగేదిదీ. ముందు రిజిస్టరులో వరుస కొట్టేస్తాడు. తర్వాత, ఈ కుటుంబం ఉత్తరాలు మోస్తున్న ప్రతి పోస్టుమానుకూ కబురు పంపుతాడు. ఆ కబురు కోరు నుంచి కోరుకు వెళ్లే ఇంటరప్టు, అంటే చేస్తున్న పనికి బలవంతపు అంతరాయం. కబురందుకున్నవాడు ఎక్కడివాడక్కడ ఆగి, మోస్తున్న సంచీ దించి, చీటీ తీసి, ఆ వరుస కొట్టేసి, "అయింది" అని చెయ్యెత్తుతాడు. ఆఖరి చెయ్యి లేచేదాకా కబురు పంపినవాడు కదలకూడదు. ఆ తర్వాతే 412 ఇంకొకరికి. ఈ వరుసలో మెట్లు తారుమారైతే మనియార్డరు తప్పు చేతుల్లో పడవచ్చు.

ఈ తంతుకు షూట్‌డౌన్ అని పేరు. చీటీలోని వరుసను కాల్చి పడేయడమని అర్థం. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మాక్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసిన బృందం 1989లో దీన్ని వివరంగా రాసింది. ఆ బృందాన్ని నడిపిన రిచర్డ్ రాషిద్ తర్వాత మైక్రోసాఫ్ట్ పరిశోధన విభాగాన్ని స్థాపించాడు. మాక్ వారసత్వం ఈనాటికీ ఆపిల్ కంప్యూటర్లలో, ఐఫోన్లలో ఉంది.

ఖర్చెంత? కొన్ని మైక్రోసెకన్లు. వినడానికి ఏమీ కాదు. కానీ ఒక మైక్రోసెకనులో కోరు వేల అడుగులు వేస్తుంది. పైగా ఆగేది ఒక్క కోరు కాదు. ఆ ప్రోగ్రాము పది కోర్ల మీద నడుస్తుంటే పదీ ఆగుతాయి, నూరు మీద నడుస్తుంటే నూరూ ఆగుతాయి. వాటిలో ఒకటి అంతరాయం వద్దని తలుపేసుకుని ఏదో అత్యవసరమైన పనిలో ఉంటే, అది తలుపు తీసేదాకా కబురు పంపినవాడు నిలబడాల్సిందే. క్లౌడ్ కంప్యూటర్లలో ఇది ఇంకా ముదురుతుంది. అక్కడ మనం అద్దెకు తీసుకునే కోరు నిజం కోరు కాదు, నిజం కోరులో వంతులవారీగా దొరికే కొంత సమయం. మన వంతు కానప్పుడు ఆ కోరు నిద్రలో ఉన్నట్టే. దాని జవాబు కోసం ఎదురుచూస్తే మైక్రోసెకన్లు కాస్తా మిల్లీసెకన్లవుతాయి. నిద్రలో ఉన్న కోర్ల కోసం కాచుక్కూర్చోకుండా, వాటి వంతు మళ్లీ వచ్చినప్పుడు చీటీ తుడిచి మరీ లేపమని అద్దెకిచ్చిన యంత్రానికే అప్పజెప్పే పద్ధతి లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో అందుకే వచ్చింది.

ఒక సంగతి గమనించండి. రిజిస్టరులో కొత్త వరుస చేర్చినప్పుడు గంట కొట్టక్కర్లేదు. చీటీలో పేరు లేకపోతే పోస్టుమాను ఎలాగూ రిజిస్టరు దగ్గరికే వస్తాడు. ఉన్నదాన్ని తీసేసినప్పుడో, హక్కు తగ్గించినప్పుడో మాత్రమే అందరికీ చెప్పాలి. గంట అవసరాన్ని తగ్గించే ఉపాయాల్లో కొన్ని ఈ తేడాలోంచే పుట్టాయి.

ఎవరికి చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి

మొదటి ఉపాయం ఇంగితం. సంబంధం లేనివాళ్లను పిలవకూడదు. ఏ కుటుంబం ఉత్తరాలు ఏ పోస్టుమాన్ల దగ్గరున్నాయో లినక్స్ ఒక జాబితా ఉంచుకుంటుంది. గంట వాళ్లకే. అయితే ఆ జాబితాలో ఉన్నవాడు ప్రస్తుతం పనిలేక కునుకు తీస్తుంటే? లేపడం దండగ, కరెంటు కూడా ఖర్చు. అందుకని ప్రతి కుటుంబం రిజిస్టరు మీదా ఒక వరుస సంఖ్య వేస్తారు. తీసివేత జరిగినప్పుడల్లా అది ఒకటి పెరుగుతుంది. నిద్ర లేచినవాడు తన చీటీ మీది సంఖ్యనూ రిజిస్టరు మీది సంఖ్యనూ పోల్చుకుంటాడు. వెనకబడి ఉంటే చీటీ తుడిచి పనిలోకి దిగుతాడు. లినక్స్‌లో ఈ ఏర్పాటు 2017లో కుదురుకుంది.

రెండోది కూడబెట్టడం. వంద ఇళ్లు ఖాళీ అయితే వందసార్లు గంట కొట్టక్కర్లేదు, ఒక్కసారి కొట్టి వంద పేర్లూ చదివితే చాలు. అప్పటిదాకా ఆ ఇళ్లు ఇంకెవరికీ ఇవ్వకుండా ఉంచాలి, అంతే. మెమరీ కరువై ఆపరేటింగ్ సిస్టమ్ పేజీలను వెనక్కి లాక్కునేటప్పుడు ఇలా కూడబెట్టే పద్ధతి, ఐర్లండుకు చెందిన మెల్ గోర్మన్ చేతుల మీదుగా 2015లో లినక్స్‌లో చేరింది.

ఇక్కడ ఇంకో లెక్క ఉంది. కొట్టెయ్యాల్సిన పేర్లు మరీ ఎక్కువైతే, ఒక్కొక్కటీ వెతికి కొట్టడంకంటే చీటీ మొత్తం చింపేసి మళ్లీ మొదలుపెట్టడం చౌక. ఎన్ని పేర్ల దగ్గర ఈ గీత గియ్యాలి? ఇంటెల్ వంశపు ప్రాసెసర్ల మీద లినక్స్ గీసిన గీత 33. ఆపైన పేజీలు తీసెయ్యాల్సి వస్తే చీటీ మొత్తం తుడిచేస్తుంది. ఆ సంఖ్య సిద్ధాంతం చెప్పింది కాదు, కొలిచి చూసి కుదుర్చుకున్న రాజీ. ఇలాంటి సంఖ్యలంటే నాకు గౌరవం. ఎవరో ఓపిగ్గా కూర్చుని కొలిచారని అవి చెబుతాయి.

మూడో ఉపాయం మనకు బాగా అర్థమయ్యేది, ఇంటిపేరు. పాత పద్ధతిలో పోస్టుమాను ఒక కుటుంబం ఉత్తరాలు వదిలి ఇంకో కుటుంబం సంచీ అందుకున్నప్పుడల్లా చీటీ చింపెయ్యాల్సి వచ్చేది. ఆ బుజ్జీ ఈ బుజ్జీ కలిసిపోతారు మరి. వరుస పక్కన ఇంటిపేరు కూడా రాసుకుంటే ఆ బాధ లేదు. ఇంటెల్ ప్రాసెసర్లలో ఈ సదుపాయం 2010లో వచ్చింది. పేరు పీసీఐడీ. 4096 ఇంటిపేర్లకు చోటుంది. చిత్రమేమిటంటే లినక్స్ దాన్ని ఏడేళ్లపాటు ముట్టుకోలేదు. ఇంటిపేర్లుంటే పాత వరుసలు ఎక్కువకాలం బతుకుతాయి, అప్పుడు పని మానేసిన కుటుంబాల చీటీలను కూడా దిద్దుతూ ఉండాలి. లాభంకంటే లెక్క పెరుగుతుందేమోనన్న సందేహం ఉండేది. ఆండీ లూటమిర్స్కీ అనే ప్రోగ్రామరు ఆ లెక్కను చక్కబెట్టి 2017 చివర్లో, 4.14 విడుదలలో దాన్ని లినక్స్‌లోకి తెచ్చాడు.

సరిగ్గా 2018 జనవరిలో మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసరు లోపం బయటపడింది. దాన్ని ఎదుర్కోవడానికి ఆపరేటింగ్ సిస్టమ్‌కూ ప్రోగ్రాముకూ వేరువేరు రిజిస్టర్లు పెట్టాల్సి వచ్చింది. ప్రోగ్రాము ఆపరేటింగ్ సిస్టమ్‌ను సాయం అడిగిన ప్రతిసారీ, అంటే సెకనుకు కొన్ని లక్షలసార్లయినా, రిజిస్టరు మారుతుంది. ఇంటిపేర్లు లేకపోతే ప్రతిసారీ చీటీ చింపాల్సి వచ్చేది. ఏడేళ్లు మూలన పడి ఉన్న సదుపాయం ఆ సంక్రాంతి నెలలో ఎన్నో సర్వర్లను ఆదుకుంది.

నాలుగోది ఎదురుచూసే టైమును వాడుకోవడం. కబురు పంపినవాడు చేతులు కట్టుకుని నిలబడకుండా, అవతలివాళ్లు చీటీలు దిద్దుకునేలోపు తన చీటీ తాను దిద్దుకోవచ్చు కదా! వినగానే ఇంత చిన్న విషయం ఇన్నాళ్లూ ఎవరికీ తట్టలేదా అనిపిస్తుంది. నాదవ్ అమిత్, మరి ఇద్దరు పరిశోధకులు 2020లో ఇలాంటి చిన్న చిన్న మార్పులను ఒక్కచోట చేర్చి చూపించారు. ఇంకొకటి ఇంకా ముచ్చటైనది. కబురందుకున్న కోరు ముందే చెయ్యెత్తేసి తర్వాత చీటీ దిద్దుకుంటుంది. ప్రమాదం లేదా? ఆ మధ్యలో కోరు ఆపరేటింగ్ సిస్టమ్ గదిలోనే ఉంటుంది, ప్రోగ్రాము ఉత్తరాలు ముట్టుకోదు. గది దాటి బయటికి అడుగుపెట్టే ముందు చీటీ దిద్దడం ఎలాగూ తప్పదు. అలాంటప్పుడు అవతలివాణ్ణి నిలబెట్టడం దేనికి?

జార్జియా టెక్ పరిశోధకులు 2018లో ఇంకాస్త దూరం వెళ్లారు. వాళ్ల పద్ధతి పేరు లాటర్. గంటే వద్దన్నారు. ఖాళీ అయిన ఇళ్ల పేర్లు నోటీసు బోర్డు మీద రాసిపెడతారు. ప్రతి పోస్టుమానూ ఎలాగూ నిర్ణీత కాలానికొకసారి పోస్టాఫీసుకు వస్తాడు, అప్పుడు బోర్డు చూసి చీటీ దిద్దుకుంటాడు. అందరూ ఒకసారి వచ్చిపోయారని తేలేదాకా ఇల్లు ఖాళీగా ఉంచుతారు. కొంత మెమరీ కొంతసేపు పడావుగా ఉంటుంది, దానికి బదులు ఎవరి పనీ ఆగదు. అయితే హక్కు తగ్గించే సందర్భాల్లో ఇది చెల్లదు. "ఇకనుంచి ఈ పేజీలో రాయకూడదు" అన్న ఆజ్ఞ ఇప్పుడే అమలు కావాలి, కాసేపాగి కాదు.

గంట కొట్టే పని యంత్రానికే అప్పగిస్తే

మన ఫోన్లలో ఎక్కువగా ఉండే ఆర్మ్ రకం ప్రాసెసర్లు వేరే దారి పట్టాయి. అక్కడ చీటీలో వరుస కొట్టెయ్యమన్న ఆజ్ఞను ఒక కోరు జారీ చేస్తే యంత్రమే మిగతా కోర్లన్నిటికీ చాటుతుంది. ఎవరూ సంచీ దించక్కర్లేదు, అంతరాయం లేదు. కానీ ఈ దండోరా ఊరంతా వినబడుతుంది, ఆ కుటుంబంతో సంబంధం లేని కోర్లకు కూడా. అందరిదీ అయిందని తేలేదాకా చాటినవాడు ఆగడం ఇక్కడా తప్పదు. పెద్ద సర్వర్లలో ఆ ఖర్చు కూడా కనబడుతుంది.

ఏఎండీ తన జెన్ 3 తరం ప్రాసెసర్లతో ఇలాంటి దండోరా ఆజ్ఞను ఇంటెల్ వంశంలోకి తెచ్చింది. దాని పేరు ఇన్‌వెల్‌పీజీబీ. దాన్ని వాడుకోవాలంటే ఆ కుటుంబానికి కోర్లన్నిటి మీదా ఒకే ఇంటిపేరు ఉండాలి. అప్పటిదాకా లినక్స్‌లో ప్రతి కోరూ తనకు తోచిన ఇంటిపేరు తాను పెట్టుకునేది. ఉన్న పేర్లు కొన్నే కాబట్టి, ఎక్కువ కోర్ల మీద నడిచే ప్రోగ్రాములకే ఊరుమ్మడి ఇంటిపేరు ఇచ్చేలా రిక్ వాన్ రీల్ అనే ప్రోగ్రామరు ఏర్పాటు చేశాడు. అది 2025లో, 6.15 విడుదలలో వచ్చింది. ఏఎండీ 2024లో తెచ్చిన అతిపెద్ద సర్వర్ చిప్పుల్లో ఒక్కొక్కదానిలో 192 కోర్లున్నాయి. అంతమందికి ఒక్కొక్కరికీ కబురు పంపి, ఆఖరివాడు చెయ్యెత్తేదాకా నిలబడడాన్ని ఊహించుకుంటే ఈ మార్పు విలువ తెలుస్తుంది.

పేజీలను పెద్దవి చెయ్యడం ఇంకో దారి. 4 కిలోబైట్ల బదులు 2 మెగాబైట్ల పేజీలు వాడితే, చీటీలో ఒక్క వరుస 512 వరుసల పని చేస్తుంది. ఒక్కో ఇల్లు ఒక్కో అపార్టుమెంటు అయినట్టు. 1536 వరుసల చీటీ అప్పుడు 3 గిగాబైట్లకు సరిపోతుంది. కొట్టెయ్యాల్సినవీ తగ్గుతాయి. చిక్కల్లా, ఒక్కడు ఉండడానికి అపార్టుమెంటు మొత్తం ఇచ్చేస్తే మెమరీ వృథా. ఎవరికి పెద్ద పేజీ ఇవ్వాలో, ఎప్పుడు తిరిగి ముక్కలు చెయ్యాలో తేల్చే పరిశోధనలో మన దేశం వాటా ఉంది. బెంగళూరు ఐఐఎస్సీకి చెందిన ఆశిష్ పన్వర్, కె. గోపీనాథ్, ఢిల్లీ ఐఐటీకి చెందిన సోరవ్ బన్సల్ 2019లో హాక్‌ఐ అనే పద్ధతిని ప్రకటించారు. ఏ ప్రోగ్రాము చీటీలో దొరక్క ఎంత సమయం పోగొట్టుకుంటోందో కొలిచి, ఎక్కువ బాధపడేదానికి ముందు పెద్ద పేజీలివ్వడం దానిలో ముఖ్యమైన ఆలోచన. ఆండ్రాయిడ్ కూడా 2024లో, 15వ విడుదలతో, 16 కిలోబైట్ల పేజీలకు దారి తెరిచింది.

ఇవన్నీ పోస్టాఫీసు చేసే సంస్కరణలు. ఇల్లు ఖాళీ చేసేది కుటుంబం కాబట్టి దాని చేతిలోనూ చాలా ఉంది. మెమరీని క్షణానికోసారి ఆపరేటింగ్ సిస్టమ్‌కు తిరిగిచ్చి మళ్లీ అడిగే ప్రోగ్రాము ప్రతిసారీ గంట మోగిస్తుంది. పొద్దున ఖాళీ చేసి సాయంత్రం మళ్లీ దిగే అద్దెదారులాంటిదది. తీసుకున్నదాన్ని కాసేపు తన దగ్గరే ఉంచుకుని తిరిగి వాడుకునే ప్రోగ్రాముకు ఆ గోల లేదు. ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంటున్న పిల్లలకు నేను దీన్ని గట్టిగా చెబుతాను. ఎందుకంటే ఈ పొరపాటు రాసినవాళ్లకు కనబడదు. నాలుగు కోర్ల ల్యాప్‌టాప్ మీద హాయిగా నడిచిన ప్రోగ్రామే వంద కోర్ల సర్వరు ఎక్కగానే చతికిలబడుతుంది. రాసినవాళ్లు లోపం తమ లెక్కల్లో ఉందనుకుని రోజుల తరబడి అక్కడ వెతుకుతారు.

నిజానికి వెతకాల్సిన చోటు తెలిస్తే కనబడుతుంది. ఇంటెల్ లేదా ఏఎండీ ప్రాసెసరున్న లినక్స్ కంప్యూటరు మీకు అందుబాటులో ఉంటే, ప్రాక్ అనే ఫోల్డరులో ఇంటరప్ట్స్ అనే ఫైలు తెరవండి. చివర్లో టీఎల్‌బీ అని మొదలయ్యే వరుస ఉంటుంది. కంప్యూటరు ఆన్ చేసినప్పటినుంచి ఒక్కో కోరుకూ ఎన్నిసార్లు ఈ గంట వినబడిందో అక్కడ రాసి ఉంటుంది. ఆ అంకెలు ఒక కాగితం మీద రాసుకుని, బ్రౌజరులో పదో పదిహేనో పేజీలు తెరిచి మూసి, మళ్లీ ఆ వరుస చూడండి.